మనోవైద్య శిక్షణలో కథన రచన

మానసిక వైద్యం నేర్చుకుంటున్న విద్యార్థి తాను చూసిన రోగి గురించి కేస్ షీట్‌లో రాసేది రాసి, ఆ తర్వాత విడిగా, వాడుక మాటల్లో ఇంకొకటి రాసే బోధన పద్ధతిని కథన రచన అంటారు. రాసినదాన్ని కొద్దిమంది తోటి విద్యార్థులు, ఒక బోధకుడు ఉన్నచోట పైకి చదువుతారు. విన్నవాళ్లు అందులోని మనుషుల గురించి, రాయకుండా వదిలేసినవాటి గురించి ప్రశ్నలు వేస్తారు. రోగి పట్ల సహానుభూతి పెంచడం దీని లక్ష్యం. కథన వైద్యం అనే పెద్ద శాఖలో ఇది ఒక భాగం.

నిర్వచనం, పరిధి

సహానుభూతికి ఈ రంగంలో మూడు అంచెలు చెబుతారు. ఎదుటి మనిషి పరిస్థితిని అతని వైపు నుంచి గ్రహించడం మొదటిది. ఆ గ్రహింపు వైద్యుడిలో కొంత కదలిక తేవడం రెండోది. తనను అర్థం చేసుకున్నారని రోగికి తెలిసేలా ప్రవర్తించడం మూడోది. జాలి ఇందులోకి రాదు. వైద్య విద్యలో ఎక్కువగా వాడే కొలమానాలు మొదటి, మూడో అంచెలకే ప్రాధాన్యం ఇస్తాయి.

కథన రచనను కథన చికిత్సతో కలపకూడదు. మైకేల్ వైట్, డేవిడ్ ఎప్స్టన్ 1990లో వెలువరించిన పుస్తకంతో పేరుపొందిన కథన చికిత్సలో తన జీవిత కథను మళ్లీ చెప్పుకునేది సాయం కోరి వచ్చిన వ్యక్తి. జేమ్స్ పెన్నెబేకర్ 1980లలో పరిశోధించిన భావవ్యక్తీకరణ రచనలోనూ కష్టం పడ్డవాళ్లే రాస్తారు. ఇక్కడ కలం పట్టేది వైద్యుడు.

చరిత్ర

మనోవైద్యానికి కథనంతో మొదటి నుంచీ పొత్తు ఉంది. ఈ శాఖలో చాలా రోగాలకు రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. రోగీ, అతని వెంట వచ్చినవాళ్లూ చెప్పేదే ప్రధాన ఆధారం. తన రోగుల వృత్తాంతాలు చిన్న కథల్లా చదువుకునేలా తయారవుతున్నాయని సిగ్మండ్ ఫ్రాయిడ్ 1895లో హిస్టీరియా అధ్యయనాల్లో కొంత ఇబ్బందిగానే ఒప్పుకున్నాడు. కార్ల్ యాస్పర్స్ 1913 నాటి మనోవ్యాధి శాస్త్ర గ్రంథంలో రోగానికి కారణం వివరించడాన్నీ, రోగి అనుభవాన్ని అర్థం చేసుకోవడాన్నీ వేరుచేసి, మనోవైద్యుడికి రెండూ కావాలన్నాడు. కొన్ని ఉన్మాద అనుభవాలు ఎంత ప్రయత్నించినా అర్థం కావనీ అన్నాడు. కథన పద్ధతిపై నేటికీ వచ్చే ఒక విమర్శకు మూలం ఆ మాటే.

రోగి వైపు నుంచి కథ 1908లో గట్టిగా వినిపించింది. అమెరికాలో పిచ్చాసుపత్రుల్లో గడిపి బయటపడ్డ క్లిఫర్డ్ బీర్స్ ఆ ఏడాది తన అనుభవాన్ని పుస్తకంగా ప్రచురించాడు. ఆ దేశంలో మానసిక ఆరోగ్య ఉద్యమం దానితోనే ఊపందుకుంది. 1979 నుంచి స్కిజోఫ్రీనియా బులెటిన్ అనే వైద్య పత్రిక రోగులు, వారి కుటుంబీకులు రాసిన స్వానుభవాలకు చోటిస్తోంది.

వైద్యుడి వైపు కృషిలో మైకేల్ బాలింట్‌ది ముఖ్యమైన పేరు. లండన్‌లో ఆయన నడిపిన చర్చాబృందాల అనుభవం 1957లో పుస్తకంగా వచ్చింది. బాలింట్ బృందంలో వైద్యుడు తనను ఇబ్బంది పెట్టిన కేసును కాగితం చూడకుండా చెబుతాడు. చర్చ రోగం మీద కాక వైద్యుడికీ రోగికీ మధ్య జరిగినదాని మీద సాగుతుంది. మనోవైద్యుడూ మానవ శాస్త్రవేత్తా అయిన ఆర్థర్ క్లైన్మన్ 1988లో రోగ కథనాలపై రాసిన గ్రంథం, శరీరంలో ఉన్న వ్యాధిని మనిషి అనుభవించే రుగ్మత నుంచి విడదీసి చూపింది. తానూ తీవ్రమైన జబ్బులు అనుభవించిన సామాజిక శాస్త్రవేత్త ఆర్థర్ ఫ్రాంక్ 1995లో రోగ కథనాలను మూడు రకాలుగా విభజించాడు: కోలుకునే కథ, గందరగోళపు కథ, అన్వేషణ కథ. 1998లో బ్రిటన్‌లో ట్రిషా గ్రీన్‌హాల్, బ్రయాన్ హర్విట్జ్ కథనాధారిత వైద్యం పేరుతో ఒక సంకలనం తెచ్చారు.

నేడు వాడుకలో ఉన్న రూపానికి కారకురాలు న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యురాలు రీటా షారన్. ఆమె మనోవైద్యురాలు కాదు, జనరల్ మెడిసిన్ వైద్యురాలు. సాహిత్యంలో డాక్టరేట్ కూడా చేసింది. 1993 నుంచి విద్యార్థులతో కేస్ షీట్‌కు తోడు విడిగా రాసే సమాంతర చార్ట్ రాయించింది. 2001లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఆమె వ్యాసంతో కథన వైద్యం అనే పేరు స్థిరపడింది. 2009లో అదే విశ్వవిద్యాలయంలో ఈ విషయంలో మాస్టర్స్ కోర్సు మొదలైంది. ఈ ఆలోచనను మనోవైద్యానికి ప్రత్యేకంగా అన్వయించినవాడు బ్రాడ్లీ లూయిస్. ఆయన పుస్తకం 2011లో వచ్చింది.

రకాలు

సమాంతర చార్ట్ అన్నింటికంటే ప్రసిద్ధం. ఆసుపత్రి కేస్ షీట్‌లో రాయడానికి వీల్లేనిదీ, అయినా ఎక్కడో ఒకచోట రాయాల్సినదీ ఇందులోకి వస్తుంది. ఆత్మపరిశీలన రచనలో విద్యార్థి దృష్టి తన మీదే ఉంటుంది: ఎందుకు విసుక్కున్నాను, ఎందుకు భయపడ్డాను అని రాసుకుంటాడు. దృష్టికోణం మార్చి రాసే రచనలో అదే సంఘటనను రోగి గొంతుతోనో, వెంట వచ్చిన తల్లి గొంతుతోనో రాస్తారు. సొంత అనారోగ్య కథనంలో విద్యార్థి తనకో తన ఇంట్లోవాళ్లకో వచ్చిన జబ్బు గురించి రాస్తాడు; సాయంతనీ దాస్‌గుప్తా, రీటా షారన్ 2004లో దీనిపై వ్యాసం ప్రచురించారు. వీటితోపాటు నవలలు, స్వీయచరిత్రలు దగ్గరగా చదివించడం దాదాపు ప్రతిచోటా ఉంటుంది. రాయడానికి ముందు చదవడం నేర్పాలన్నది ఈ బోధకులందరూ ఒప్పుకునే మాట.

పనిచేసే తీరు

షారన్ ఈ ప్రక్రియకు మూడు మెట్లు చెప్పింది: శ్రద్ధగా గమనించడం, గమనించినదానికి రూపం ఇవ్వడం, ఆ రూపం వల్ల రోగితోనూ సహచరులతోనూ అనుబంధం ఏర్పడటం. రెండో మెట్టు లేకుండా మొదటిది పూర్తికాదన్నది ఆమె వాదంలో కీలకం. అంటే, రాసేదాకా తాను చూసిందేమిటో వైద్యుడికే పూర్తిగా తెలియదు.

ఒక ఉదాహరణ చూస్తే విషయం తేలికవుతుంది. కిందిది బోధన కోసం కల్పించినది. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ నుంచి ఒక స్త్రీ భర్తతో కలిసి మానసిక వైద్య విభాగం ఓపీకి వచ్చిందనుకుందాం. పీజీ విద్యార్థి కేస్ షీట్ ఇలా ఉంటుంది:

42 ఏళ్ల వివాహిత, ఏడో తరగతి చదువు. మూడు వారాలుగా నిద్రలేమి, ఆకలి మందగింపు, ఒళ్లంతా మంటలు, పనిమీద ఆసక్తి లేకపోవడం. సమాచారం ఇచ్చినవారు భర్త, సమాచారం నమ్మదగినది. గతంలో మానసిక వ్యాధి లేదు. కళ్లలోకి చూడటం తక్కువ, మాట నెమ్మది. ఆత్మహత్య ఆలోచనలు లేవు.

అదే విద్యార్థి ఆ సాయంత్రం రాసిన సమాంతర చార్ట్ ఇలా ఉండవచ్చు:

భర్త మాట్లాడుతున్నంతసేపూ ఆమె కొంగుకు అంటి ఎండిపోయిన ఇడ్లీ పిండిని గోటితో గీకుతోంది. తెల్లారి నాలుగింటికే స్టేషన్ దగ్గర బండి పెడతారట. ఏమైందమ్మా అంటే, "ఏం లేదు సారూ, ఒళ్లంతా మంటలు లేస్తున్నయ్" అంది. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అడిగాను. జవాబు చెప్పేముందు భర్త వైపు చూసింది. లేదంది. లేవు అని రాసేశాను. ఆయన్ని కాసేపు బయట కూర్చోమనాలని నాకు తట్టలేదు. తలుపు దగ్గర జనం తోసుకుంటున్నారు.

మొదటి రాతలో తప్పు లేదు. నియమం ప్రకారం అడగాల్సినవన్నీ అడిగినట్టే ఉంది. కానీ జవాబుకు ముందు ఆమె భర్త వైపు చూసిన చూపుకు కేస్ షీట్‌లో గడి లేదు. రాత చదివాక బోధకుడు విద్యార్థిని ఇంకాస్త జాలిపడమని చెప్పడు. ఆమె ఎలా చూసింది, ఆయన అప్పుడు ఏం చేస్తున్నాడు, సమాచారం నమ్మదగినదని దేన్నిబట్టి రాశావు అని అడుగుతాడు. తర్వాతిసారి వచ్చినప్పుడు ఆమెతో విడిగా మాట్లాడాలన్న నిర్ణయం ఆ ప్రశ్నల్లోంచి పుడుతుంది. ఈ పద్ధతి ఇచ్చే సహానుభూతి ఆచరణలో ఇలాగే ఉంటుంది: మెత్తని భావం కన్నా ఎక్కువగా, దాటిపోయిన ప్రశ్నను పట్టుకోవడం.

బోధకుడి అడుగులకు ఒక క్రమం ఉంది. ఐదు నుంచి పది నిమిషాల్లో, ఒక పేజీకి మించకుండా రాయిస్తారు. చదివేటప్పుడు రాసినది రాసినట్టే చదవాలి, ముందుగా సంజాయిషీలు చెప్పకూడదు. వినేవాళ్లు వైద్య నిర్ణయాన్ని తప్పుపట్టరు; కాలం, గొంతు, ఎవరి వైపు నుంచి చెప్పారు, ఏది రాయలేదు అన్నవాటి మీద మాట్లాడతారు. బృందం సాధారణంగా పదిమంది లోపే. చదివించకుండా రాయించి లాగ్ బుక్‌లో అంటించి సంతకం పెట్టించుకుంటే అది మరో రికార్డు పని అవుతుందే తప్ప శిక్షణ కాదు. కథన రచన ప్రవేశపెట్టామని చెప్పే చాలాచోట్ల జరిగే లోపం ఇదే.

మనోవైద్యంలో మిగతా శాఖల్లో లేని చిక్కు ఒకటి ఉంది. తీవ్రమైన ఉన్మాదంలో ఉన్న రోగి మాటకు మొదలూ చివరా ఉండకపోవచ్చు. దాన్ని సాఫీ కథగా మలచాలన్న ఆశ రాసేవాడికి సహజం. ఫ్రాంక్ చెప్పిన గందరగోళపు కథను గందరగోళంగానే ఉంచి రాయడం, తెగిన చోట తెగినట్టు చూపడం ఇక్కడ నేర్పవలసిన నైపుణ్యం.

సికింద్రాబాద్, హైదరాబాద్ నేపథ్యం

సికింద్రాబాద్ బ్రిటిష్ కంటోన్మెంట్‌గా పెరిగిన ఊరు. మూడో నిజాం సికందర్ జా పేరుమీద 1806లో ఆ పేరు వచ్చింది. సైనిక దళాల అవసరాలు తీర్చే బజార్లలో ఒకటి రెజిమెంటల్ బజార్. 1874లో రైల్వే స్టేషన్ వచ్చాక అది స్టేషన్ పక్క పేటగా మారింది. స్టేషన్‌కు ఎదురుగా ఉండిన పాత గాంధీ ఆసుపత్రి 2003లో ముషీరాబాద్‌లో పాత జైలు ఉన్న స్థలానికి మారింది. 1954లో స్థాపించిన గాంధీ వైద్య కళాశాలకు అది బోధనాసుపత్రి. కంటోన్మెంట్, రైల్వే కలిసి తెచ్చిన జనం వల్ల ఇక్కడి ఓపీలో తెలుగు, దక్కనీ ఉర్దూ, తమిళం, మరాఠీ, హిందీ అన్నీ వినిపిస్తాయి. కేస్ షీట్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. రోగి నోట వచ్చిన మాట ఆ కాగితం మీదికి చేరేలోపు ఎంత మారుతుందో చూసుకోవడానికి సమాంతర రచన రోగి భాషలోనే ఉండాలన్న వాదనకు ఇలాంటి ఊళ్లలో బలం ఎక్కువ.

  

హైదరాబాద్ సంస్థానపు మానసిక చికిత్సాలయం జాల్నాలో ఉండేది. 1953లో ఎర్రగడ్డకు మారి, ఇప్పుడు మానసిక ఆరోగ్య సంస్థగా ఉస్మానియా వైద్య కళాశాల విద్యార్థులకు శిక్షణ ఇస్తోంది. కోస్తాలో ఇటువంటి పాత సంస్థ విశాఖపట్నం వాల్తేరులో 1871లో మొదలైన ఆసుపత్రి. అది ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధం. ఎర్రగడ్డ పేరు జంటనగరాల్లో తిట్టుగా వాడుకలో ఉంది. వెళ్లాల్సిన రోగి ఆ పేరు చెప్పుకోవడానికే వెనకాడతాడు. విద్యార్థి రాతల్లో ఈ సిగ్గు దొర్లినప్పుడు దానిమీద ఆగి మాట్లాడటం బోధకుడి పని.

నమ్మకాల విషయం కూడా ఇక్కడ చెప్పాలి. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో రంగం పేరిట పూనకంలో భవిష్యవాణి చెప్పడం అందరూ చూసేదే. ఓపీకి వచ్చినవారు గాలి సోకిందనో, అమ్మవారు వచ్చిందనో చెబితే విద్యార్థి దాన్ని వెంటనే లక్షణంగా మార్చి రాయడం సులువు. ఆచారం ఎక్కడ ఆగి రోగం ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టం. అమెరికా మనోవైద్య సంఘం 2013లో మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం ఐదో కూర్పులో చేర్చిన 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ ఇందుకోసమే వచ్చింది. మీ ఇంట్లోవాళ్లు దీన్ని ఏమంటారు, ఎందుకు వచ్చిందనుకుంటున్నారు అని అది అడిగిస్తుంది. అలా వచ్చిన జవాబులే కథన రచనకు ముడిసరుకు.

సికింద్రాబాద్ సింధీ కాలనీలో ఉన్న రోష్నీ ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు సలహా ఇవ్వకుండా వినడంలో శిక్షణ పొందుతారు. అది వైద్య శిక్షణ కాకపోయినా వినడాన్ని నేర్పవచ్చన్నదానికి దగ్గరి ఉదాహరణ. 

తెలుగు సాహిత్యంతో సంబంధం

దగ్గరగా చదివించడానికి తెలుగులో సామగ్రి పుష్కలం. మనసు లోపలి అలజడిని విషయంగా తీసుకున్న నవలలు 1940ల నుంచీ వచ్చాయి. గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు పతనం, బుచ్చిబాబు చివరకు మిగిలేదిలో వైద్యం చదివిన దయానిధి సంశయాలు, రాచకొండ విశ్వనాథశాస్త్రి అల్పజీవిలో సుబ్బయ్య న్యూనతాభావం, 1969లో వచ్చిన నవీన్ అంపశయ్యలో విశ్వవిద్యాలయ విద్యార్థి రవి ఒక్కరోజు ఆలోచనలు బోధనకు పనికొచ్చేవి. అల్పజీవి ప్రత్యేకంగా ఉపయోగం. సుబ్బయ్యకు రోగం పేరు పెట్టాలన్న తొందర విద్యార్థికి మొదటి పేజీల్లోనే కలుగుతుంది. నవల పూర్తయ్యేసరికి ఆ పేరు సరిపోదని తెలుస్తుంది.

వైద్యులు రాసిన తెలుగు సాహిత్యం వేరే పాయ. కాలాతీత వ్యక్తులు రాసిన పి. శ్రీదేవి, శిక్షణలోని వైద్యుల జీవితాన్ని హౌస్ సర్జన్ నవలగా మలచిన కొమ్మూరి వేణుగోపాలరావు, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసిన కేశవరెడ్డి, కథకుడు వి. చంద్రశేఖరరావు ఆ కోవలోని వారు. వీరెవరూ మనోవైద్యులు కారు, వీరి రచనలు శిక్షణ కోసం పుట్టినవీ కావు. చదువుకున్నవాడి ఇంగ్లీషుకూ రోగి తెలుగుకూ మధ్య దూరాన్ని ఎలా దాటవచ్చో మాత్రం వీటిలో కనబడుతుంది.

ఆధారాలు

వైద్య విద్యార్థుల సహానుభూతిని కొలవడానికి ఫిలడెల్ఫియాలో మొహమ్మద్‌రెజా హొజాత్ బృందం రూపొందించిన జెఫర్సన్ కొలమానం విస్తృతంగా వాడుకలో ఉంది. రోగుల దగ్గరికి మొదటిసారి వెళ్లే మూడో ఏడాదిలోనే విద్యార్థుల సహానుభూతి తగ్గుతోందని అదే బృందం 2009లో ప్రచురించింది. కథన రచనపై జరిగిన అధ్యయనాలను క్రోడీకరించిన సమీక్షలు కోర్సు ముగిసినప్పుడు విద్యార్థుల వైఖరిలో, గమనికలో మేలు కనిపిస్తోందని చెబుతూనే, నమూనాలు చిన్నవనీ, విద్యార్థులు తమకు తామే వేసుకునే మార్కులపై ఎక్కువగా ఆధారపడ్డాయనీ, మేలు ఎంతకాలం నిలుస్తుందో, రోగికి చేరుతుందో లేదో తేలలేదనీ అంటున్నాయి. సాహిత్యం చదివితే ఇతరుల మనసు గ్రహించే శక్తి పెరుగుతుందని 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన కిడ్, కాస్టానో ప్రయోగం చాలా ప్రచారం పొందింది. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలబడలేదు.

గోప్యత, చట్టం

2018 మే 29న అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో రోగి సమాచార గోప్యతను హక్కుగా గుర్తించింది. 24వ సెక్షన్ రోగి అనుమతి లేకుండా అతని ఫోటోనో వివరాలనో మీడియాకు ఇవ్వకూడదంటుంది. సమాంతర చార్ట్‌కు ఈ రెండూ వర్తిస్తాయనుకుని రాయడం మంచిది. పేరు మార్చితే చాలదు: ఒకే పేటలో ఒకే వృత్తి, ఒకే కుటుంబ వివరం కలిస్తే మనిషిని గుర్తుపట్టేస్తారు. ఈ రాత ఆసుపత్రి రికార్డులో చేరదు. బృందం దాటి బయటికి పోకూడదన్నది సాధారణ నియమం. సొంత అనారోగ్య కథనాలు రాయించేటప్పుడు విద్యార్థి గోప్యత కూడా లెక్కలోకి వస్తుంది. రాయనని చెప్పే హక్కు అతనికి ఉండాలి.

విమర్శలు

జేన్ మెక్‌నాటన్ 2009లో లాన్సెట్‌లో రాసిన వ్యాసం, రోగి అనుభవాన్ని తాను అనుభవించానని వైద్యుడు అనుకోవడమే ప్రమాదమని హెచ్చరించింది. రోగి కథ మీద పూర్తి పట్టు ఎవరికీ దొరకదన్న వినయం కావాలని సాయంతనీ దాస్‌గుప్తా 2008లోనే అంది. అందరూ తమ జీవితాన్ని కథగా చూసుకోరని తత్త్వవేత్త గేలెన్ స్ట్రాసన్ 2004లో వాదించాడు. కథనమే మనిషికి కొలబద్ద అనుకుంటే కథ చెప్పలేని రోగులు నష్టపోతారని ఆంజెలా వుడ్స్ 2011లో చూపింది. సహానుభూతి మనలాంటివారి వైపే మొగ్గుతుందని మనోవిజ్ఞాని పాల్ బ్లూమ్ 2016లో పుస్తకమే రాశాడు. మన ఆసుపత్రుల్లో దీనికి తోడు ఇంకో అభ్యంతరం ఉంది: తీరిక. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. చాలా రుగ్మతల్లో చికిత్స అందనివారు 70 శాతం పైమాటే. ఓపీలో ఒక్కో రోగికి నిమిషాలే దొరికేచోట విద్యార్థిని కూర్చోబెట్టి రాయించడం అన్యాయంగా తోచవచ్చు. అనుకూలురు దీనికిచ్చే జవాబు పరిమితమైనదే: రోజూ కాదు, వారానికి ఒక్క రోగి గురించి ఒక్క పేజీ.

భారతీయ వైద్య విద్యలో స్థానం

భారత వైద్య మండలి 2018లో వైఖరి, నైతికత, సంభాషణ నైపుణ్యాలపై 27 మాడ్యూళ్ల పాఠ్యక్రమం తెచ్చింది. 2019లో మొదలైన సామర్థ్యాధారిత ఎంబీబీఎస్‌లో ఇది దేశంలోని అన్ని కళాశాలలకూ తప్పనిసరి అయింది. రోగిగా ఉండటమంటే ఏమిటన్న మాడ్యూల్ మొదటి ఏడాదిలోనే ఉంది. లాగ్ బుక్‌లో ఆత్మపరిశీలన రాతకూ చోటుంది. 2021 నిబంధనల ప్రకారం హౌస్ సర్జన్‌లు మానసిక వైద్య విభాగంలో రెండు వారాలు తప్పనిసరిగా పనిచేయాలి. మూడేళ్ల ఎం.డి. సైకియాట్రీలో వివరమైన కేసు చరిత్ర రాయడం, రోగి మానసిక స్థితి పరీక్ష, థీసిస్ ప్రధానం. ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు కేసు ప్రెజెంటేషన్‌కు పడతాయి. సమాంతర రచనకు విడిగా మార్కులు లేవు. అందువల్ల అది విభాగాధిపతి ఆసక్తి ఉన్నచోట ఉంటుంది, లేనిచోట ఉండదు.